మూడో పెట్టె రాళ్ళు

మంగళవారం ఉదయం వోసు ఆ పిల్ల మీద కేకలు వేస్తున్నప్పుడు బెలెమా చేతిలో ఒక రాయి ఉంది.

రెండు బొటనవేళ్ళంత లావు, వేలెడు పొడవు ఉన్న గుండ్రటి ఇసుకరాయి ముక్క. ఉప్పునీళ్ళలోంచి అప్పుడే తీసింది. తడిపి పిండిన మెత్తటి కాగితం మీద దాన్ని ఒక్కసారి దొర్లించి తూకం వెయ్యాలి. రెండోసారి దొర్లిస్తే రాతి లోపలి నీళ్ళను కూడా కాగితం లాగేస్తుంది. అసలు దొర్లించకపోతే పైన అంటిన తడి కూడా తూకంలోకి వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్న చెయ్యి ఆమెది. ఆ రోజు మాత్రం రాయి కాగితం మీద సగం దొర్లి ఆగిపోయింది.

"ఉప్పునీళ్ళు తప్పు. అంతే. ఇంకో మాట లేదు," అన్నాడు వోసు. "మూడో పెట్టె రాళ్ళన్నీ ఒకే తీరుగా కరెంటు పోనిస్తున్నాయి. చమురు నింపాక కూడా పోనిస్తున్నాయి. అట్లా పోనిచ్చే రాయి ఈ డెల్టాలో ఎక్కడైనా ఉందా? నువ్వు చూశావా?"

"ఈ రాళ్ళలో చూశాను సర్," అంది ఎకాయెట్టె.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. హాల్లో ఉన్న పన్నెండు మందీ పని మానేసి నిలబడ్డారు. బయట వాన కురుస్తోంది. ట్రాన్స్ అమాడి పారిశ్రామిక వాడ గోదాముల మీద, లారీల మీద, ఈ లాబ్ కిటికీ రెక్కల మీద పట్టిన మసి నల్లని చారలుగా కారుతోంది.

"నవ్వులాటగా ఉందా నీకు? రెండు నెలల పని. చమురు కంపెనీ వాళ్ళు నిన్న ఫోన్లో నన్ను ఏమన్నారో తెలుసా? మీ లాబ్‌లో ఉప్పు తూచడం కూడా రాదా అన్నారు."

"సీసాలో ఉన్న నీళ్ళే వాడాను సర్. వాడే ముందు కొలిచాను. షీట్లో రాసి ఉంది, ఒక్కసారి చూడండి. పోనీ సీసా మిగిలి ఉంటే ఇప్పుడే కొలుద్దాం."

"రెండు నెలల కిందటి సీసా ఇంకా ఎక్కడుంటుందమ్మా?"

ఎకాయెట్టె తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకునే ఉంది. తల తిప్పి ఒక్కసారి బెలెమా వైపు చూసింది. అది అడుగుతున్న చూపు కాదు, నిందిస్తున్న చూపూ కాదు. పక్కన ఉన్న మనిషి మాట్లాడబోతోంది కదా అని మనం ఆగుతామే, అలాంటి చూపు.

బెలెమా రాయిని తీసి మళ్ళీ ఉప్పునీళ్ళలో వేసేసింది.

"రిపోర్టు మీద సంతకం ఎవరిదైతే తప్పు వాళ్ళదే," అన్నాడు వోసు. "బ్యాడ్జి రిసెప్షన్లో ఇచ్చి వెళ్ళు."

ఇరవై ఆరేళ్ళ పిల్ల. పర్మనెంటు కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. కోటు విప్పి, మడిచి, తన బల్ల మీద పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ నీళ్ళు కలిపింది బెలెమా.

సొంతూరు బుగుమాలో తల్లిని మట్టి చేసి వచ్చిన మర్నాడే కలిపింది. లీటరుకి ముప్ఫై గ్రాముల ఉప్పు చొప్పున. సగం తూచేసరికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు తక్కెడ అంకెలు ఆరిపోయి మళ్ళీ వెలిగాయి. అది సున్నాకి వచ్చిందో లేదో చూసుకుని మిగతా సగం తూచిందా, చూడకుండానే తూచిందా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తున్నది ఒకటే. ఏ మిశ్రమం కలిపినా కొంచెం చిన్న సీసాలో పోసి తన అల్మరాలో వెనక వరసలో దాచుకోవడం ఆమెకి అలవాటు. అదీ అక్కడే ఉంది. వోసు అడిగినప్పుడు కూడా అది ఆమెకి తెలుసు.

బుధవారం వోసు ఆమెను తన గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"కూర్చో మేడమ్. ఎన్నేళ్ళయింది నువ్వు ఇక్కడికొచ్చి?"

"ఇరవై రెండు సర్."

"ఇరవై రెండేళ్ళు రాళ్ళు కడిగావు, ఆరబెట్టావు, తూచావు. చదువుకొచ్చిన పిల్లలకి పని నేర్పింది నువ్వే. ఒక్క రిపోర్టు మీద కూడా నీ పేరు లేదు. ఎంత అన్యాయం!" కాగితం ఆమె ముందుకి జరిపాడు. "ఇదిగో."

కింది వరసలో, 'తయారు చేసినవారు' అన్నచోట, బెలెమా ఇగానిబో అని అచ్చయి ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. పేరులో ఒక్క అక్షరం తప్పు లేదు. మంచి కాగితం, మందంగా ఉంది. తర్వాత పైకి చూసింది. మూడో పెట్టె రాళ్ళు పన్నెండు, పన్నెండు అంకెలు.

"ఇవి ఎకాయెట్టె అంకెలు కావు కదా సర్?"

"పక్క చమురు బావివి. అదే ఇసుక, అదే లోతు. మళ్ళీ రెండు నెలలు పట్టి కొలిచినా ఇవే వస్తాయి. కంపెనీ వాళ్ళు అంతవరకు ఆగరు." గొంతు తగ్గించాడు. "నన్ను చూసి నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు. వాళ్ళు మనల్ని వదిలి లాగోస్ లాబ్‌కి పోతే ఇక్కడ పన్నెండు మందికీ పని ఉండదు. నాకూ ఉండదు. శుక్రవారం మధ్యాహ్నానికి సంతకం పెట్టి ఇవ్వు. వచ్చే నెల నుంచి ఆ పిల్ల బల్ల నీదే."

ఆమె కాగితం తీసుకుని బయటికొచ్చింది.

రాళ్ళు కోసే గది తలుపు దగ్గర తమునో కూర్చుని కాల్చిన అరటికాయ, చేప తింటున్నాడు. భూమి కింద రెండు మైళ్ళ లోతునుంచి వచ్చిన రాతి కడ్డీలను వజ్రపు రంపంతో ముక్కలు చేసే మనిషి. ఆ రంపం మోతకి చెవులు సగం పోయాయి కాబట్టి ఏం మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

"ఏం సిస్టర్, దొరవారు కుర్చీ వేశారట! కూర్చుంటే మెత్తగా ఉందా?"

"మెల్లగా మాట్లాడు."

"నేను మెల్లగానే మాట్లాడుతున్నా. రా, తిను. కారం ఈ రోజు బాగా కుదిరింది." చేప ముక్క ఒకటి తుంచి ఆమె వైపు పెట్టాడు. "పాపం ఆ పిల్ల. నా రాళ్ళని అంత శ్రద్ధగా చూసినదాన్ని నేను చూడలేదు. అంచు ఇంత విరిగినా వెనక్కి పంపేది. నాలుగుసార్లు తిట్టాను కూడా."

బెలెమా ముక్క నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళాక అల్మరా తెరిచి చిన్న సీసా తీసింది. మూత చుట్టూ చుట్టిన టేపు అలాగే ఉంది. తేదీ తన చేతిరాతే. గాజు గొట్టాన్ని మంచినీళ్ళతో మూడుసార్లు, ఆ ఉప్పునీళ్ళతో రెండుసార్లు కడిగింది. సీసాలో నీళ్ళు గొట్టంలో పోసి, కొలిచే కడ్డీ దింపి, వేడిమి ఇరవై ఐదు దగ్గర నిలిచేదాకా ఆగింది. ఇరవై నాలుగు పాయింట్ ఆరు. ఏడు. ఎనిమిది. ఏసీ మోతలో తన ఊపిరి తనకే వినిపిస్తోంది. నీళ్ళు కరెంటుకి ఎంత అడ్డం వస్తాయో చెప్పే అంకె తక్కువ వస్తే ఉప్పు ఎక్కువైనట్టు, తప్పు తనదైనట్టు. ఆ పిల్ల వానలో తడుస్తూ వెళ్ళింది తన వల్లేనన్నట్టు.

అంకె నిలిచింది. సున్నా పాయింట్ రెండు ఒకటి.

సరిగ్గా ఎంత ఉండాలో అంతే. కడ్డీ కడిగి మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది. మూడోసారీ అంతే.

బెలెమా స్టూలు మీద కూలబడింది. గుండెల మీదనుంచి ఏదో దించినట్టయింది. తల్లి పోయిన దుఃఖంలో కూడా చెయ్యి తప్పు చెయ్యలేదు. ఆ సంతోషం కొన్ని నిమిషాలే ఉంది. ఉప్పు సరిగ్గా ఉందంటే ఎకాయెట్టె కొలతా సరిగ్గానే ఉందన్నమాట. మంగళవారం ఈ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. తప్పు చేశానేమోనన్న భయం వల్ల నోరు పెగల్లేదని రాత్రంతా సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ భయం పోయింది. నోరు మూసుకున్న సంగతి మాత్రం అలాగే ఉంది.

మరి రాళ్ళెందుకు అలా చేస్తున్నాయి?

బెలెమాకి కాలేజీ చదువు లేదు గాని ఈ లెక్క మొదట్లో ఇలా నేర్చుకుంది. ఇసుకరాయికి కరెంటు పట్టదు. రేణువుల సందుల్లో ఉన్న ఉప్పునీళ్ళకి పడుతుంది. చమురుకి పట్టదు. అందుకే రాతిలోకి కొద్దికొద్దిగా చమురు తోసి, రోజుల తరబడి ఆగి, కరెంటుకి ఎంత అడ్డం వస్తోందో మెట్టు మెట్టుకీ కొలుస్తారు. తర్వాత అసలు బావిలోకి తీగ దింపి అడ్డం కొలిస్తే, ఆ పొరలో చమురెంత, నీళ్ళెంత అన్నది ఈ చిన్న ముక్కల లెక్కతోనే చెప్పగలుగుతారు. మూడో పెట్టె వచ్చిన పొరలో బావి తీగకి అడ్డం తక్కువ కనిపించింది. నీళ్ళే అనుకున్నారు. వచ్చేవారం దాన్ని సిమెంటుతో మూసేస్తారట. పక్క బావి అంకెలు వేస్తే నీళ్ళే అని తేలుతుంది. ఎకాయెట్టె అంకెలు వేస్తే అందులో సగానికి పైగా చమురు.

గురువారం పొద్దున్నే ఆమె తమునో దగ్గరికి వెళ్ళింది.

"మూడో పెట్టె ముక్కలు కోసినప్పుడు మిగిలిన చివర్లు ఉన్నాయా?"

"పారేసే అలవాటు నాకు లేదు. మా ఆవిడ తిడుతుంది కూడా దానికి." బల్ల కిందనుంచి గుడ్డసంచీ లాగాడు. "చచ్చినవాటికి మళ్ళీ పోస్టుమార్టమా?"

"అలాంటిదే."

ఈ లాబ్‌కి రాకముందు ఐదేళ్ళు బెలెమా ఇంకోచోట, బావి తవ్వేటప్పుడు వాడే బురదని పరీక్షించే పని చేసింది. అక్కడ రోజూ చేసిన పరీక్షే ఇది. రాతి చివర్లను రోట్లో వేసి మెత్తగా నూరింది. జల్లించింది. తూచి, నీళ్ళలో కలిపి, సన్నని మంట మీద మరిగించింది. చల్లారాక నీలం రంగు మందు చుక్కలుగా వేస్తూ కలిపి, గాజు పుల్లతో ఒక బొట్టు తీసి తెల్లటి వడపోత కాగితం మీద పెట్టింది. రాతిలో బంకమన్ను ఉంటే రంగంతా అదే తాగేస్తుంది, కాగితం మీద బొట్టు చుట్టూ తెల్లగానే ఉంటుంది. ఇక తాగలేనప్పుడు బొట్టు చుట్టూ లేతనీలం వలయం కడుతుంది. శుభ్రమైన ఇసుకైతే రెండో మూడో బొట్టుకే వలయం వస్తుంది.

మూడు బొట్లకి రాలేదు. ఏడింటికి రాలేదు. కాగితం మీద నీలం బొట్లు వరసగా పేరుకుంటున్నాయి, వాటి చుట్టూ తెలుపు తెలుపుగానే ఉంది. తమునో తలుపు దగ్గర నిలబడి, నములుతున్న నోరు ఆపి చూస్తున్నాడు.

"ఏమైంది? ఇంకా తాగుతోందా?"

"ఇంకా తాగుతోంది."

పద్దెనిమిది. పంతొమ్మిదో బొట్టు చుట్టూ సన్నగా, లేతగా నీలం అంచు కనిపించింది. ఆమె రెండు నిమిషాలు ఆగి చూసింది. అంచు చెరగలేదు.

కంటికి శుభ్రంగా కనిపించే ఇసుకరాయిలో రేణువు రేణువుకీ బంకమన్ను పూత ఉంది. ఆ మన్ను తడిస్తే కరెంటు దాని వెంట కూడా పోతుంది, చమురు ఎంత ఉన్నా. ఎకాయెట్టె రాళ్ళలో చూశానన్నది అదే.

శుక్రవారం పదకొండు గంటలకి ఆమె వోసు బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది. చిన్న సీసా, నీలం బొట్ల కాగితం, రిపోర్టు. రిపోర్టులో పన్నెండు అంకెలూ కొట్టేసి పక్కన ఎకాయెట్టె అంకెలు రాసి ఉన్నాయి. కింద తన పేరు కొట్టేసి ఎకాయెట్టె ఉకో అని రాసి ఉంది.

వోసు ముందు కాగితం చూశాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి బొట్లు లెక్కపెట్టాడు. అతనూ ఒకప్పుడు ఈ పనిలోంచి వచ్చినవాడే.

"పంతొమ్మిదా?"

"రెండుసార్లు చేశాను సర్. రెండోసారీ పంతొమ్మిదే."

"సీసా ఎక్కడిది?"

"నా అల్మరాలోది. ఆ నీళ్ళు కలిపింది నేనే సర్. ఎకాయెట్టె కాదు."

"మంగళవారం కూడా ఇది అల్మరాలోనే ఉందా?"

"ఉంది."

"నేను అడిగినప్పుడు?"

"ఉంది సర్."

వోసు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్ళు నలుపుకున్నాడు. ఆ క్షణంలో అతను చాలా అలిసిపోయిన మనిషిలా కనిపించాడు. తర్వాత ఫోన్ తీసి కంపెనీ మనిషికి చేశాడు. ఆమెను వెళ్ళమనలేదు, కూర్చోమనలేదు. ఆమె నిలబడే ఉంది. అవతలి గొంతు ఆమె వరకూ వినిపించింది. మాటలు తెలియలేదు గాని కోపం తెలిసింది. వోసు 'అవును సర్', 'తప్పు మా దగ్గరే సర్', 'రాళ్ళది కాదు, కొలతలదీ కాదు సర్' అంటూ అరగంట మాట్లాడాడు. ఆఖరికి ఫోన్ పెట్టేసి, "సిమెంటు ఆపుతారట. ముక్కలు పంపమన్నారు, వాళ్ళూ చూసుకుంటారట," అన్నాడు.

"మరి ఎకాయెట్టె?"

"సోమవారం రమ్మని చెప్పు."

"మీరు చెప్పరా సర్?"

"నువ్వు వెళ్ళు," అన్నాడు వోసు, కళ్ళజోడు తుడుస్తూ.

శనివారం వాన తెరిపిచ్చింది. మైల్ త్రీ దగ్గర కెకె ఆటో దిగి, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. పొడుగాటి నడవా, అటూ ఇటూ ఎదురెదురు గదులు, ప్రతి గది ముందూ ఒక కిరసనాయిల్ పొయ్యి. ఎకాయెట్టె గది చివర. తలుపు తీసే ఉంది. మంచం మీద బట్టలు మడిచి పెట్టి ఉన్నాయి. కింద తెరిచిన సంచీ ఉంది.

"రండి ఆంటీ," అంది. ఆశ్చర్యపోలేదు. ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసింది.

"ఊరెళ్తున్నావా?"

"ఉయో. రేపు పొద్దున. అక్క వాళ్ళింటికి."

"వెళ్ళకు. సోమవారం రమ్మన్నాడు వోసు. నీ అంకెలే పంపిస్తున్నాం. నీ పేరుతోనే." బెలెమా గబగబా చెప్పుకుపోయింది. సీసా సంగతి, సున్నా పాయింట్ రెండు ఒకటి సంగతి, పంతొమ్మిది బొట్ల సంగతి. పంతొమ్మిది అన్నప్పుడు ఎకాయెట్టె చేతిలో బట్ట ఆగింది.

"పంతొమ్మిదా?" ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. "అంత మన్నా? నేను పది, పన్నెండు అనుకున్నా." మళ్ళీ బట్ట మడవడం మొదలుపెట్టింది. మడుస్తూనే అడిగింది, "నాలుగు రోజులెందుకు పట్టింది ఆంటీ?"

"పరీక్ష చెయ్యడానికి..."

"పరీక్ష సంగతి కాదు. ఆ నీళ్ళు మీరు కలిపారని చెప్పడానికి పరీక్ష ఎందుకు?"

నడవాలో ఎవరో కర్రపెండలం పిండితో గార్రి కలుపుతున్నారు. గిన్నెలో గరిటె చప్పుడు వినిపిస్తోంది.

"మీ పేరు నేను చెప్పలేదు," అంది ఎకాయెట్టె. గొంతు పెంచలేదు. "చెప్పొచ్చు. అమ్మ పోయి వచ్చిన మనిషి, నేనెందుకు చెప్పాలి, ఆమే చెబుతుంది అనుకున్నా. మీ వైపు చూశా. మీరు రాయిని నీళ్ళలో వేసేశారు."

"భయమేసింది ఎకా."

"నాకూ వేసింది ఆంటీ."

బెలెమా చేతిసంచీ పట్టీ వేలికి చుట్టుకుని విప్పుకుంటూ కూర్చుంది. క్షమించమని అడగడానికే వచ్చింది. ఆ మాట ఇప్పుడు అడిగితే అది కూడా ఈ పిల్ల దగ్గర ఇంకొకటి తీసుకోవడమే అవుతుందనిపించింది.

"వోసు గదిలో చెప్పారు మీరు," అంది ఎకాయెట్టె, సంచీ మూత వేస్తూ. "అతను నన్ను గదిలో తిట్టలేదు. హాల్లో తిట్టాడు. పన్నెండు మంది ముందు. వీధిలో కాల్చిన అరటికాయలు అమ్మే బోలే ఆవిడ కూడా అడిగింది నన్ను, ఉప్పు కలపడం రాదటగా అని."

"చెబుతాను. అందరి ముందూ చెబుతాను."

"చెప్పండి. అప్పుడు చూస్తాను వచ్చేదీ రానిదీ."

సోమవారం ఎనిమిదింటికి హాల్లో వారం మొదటి సమావేశం. రోజీ అనే రిసెప్షన్ అమ్మాయి ప్రార్థన చదివింది. అందరూ ఆమెన్ అన్నారు. వోసు కాగితం తీసి, "ఈ వారం జాగ్రత్తలు. మొదటిది, జనరేటర్ గది..." అంటుండగా బెలెమా లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళలో ఆ సమావేశంలో ఆమె లేచి మాట్లాడింది లేదు.

"ఒక నిమిషం సర్."

వోసు ఆగాడు. బెలెమా తలుపు వైపు చూసింది. తలుపు మూసే ఉంది. ఎకాయెట్టె రాలేదు.

"మూడో పెట్టె రాళ్ళకి ఉప్పునీళ్ళు కలిపింది నేను," అంది. "ఎకాయెట్టె కాదు. ఆమెని తిట్టినప్పుడు నేను అదిగో అక్కడ ఉన్నాను. ఆ నీళ్ళు కొంచెం నా అల్మరాలో ఉన్నాయని నాకు తెలుసు. నేను మాట్లాడలేదు. తర్వాత కొలిచాను. నీళ్ళు సరిగ్గా ఉన్నాయి. ఆమె కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఒకవేళ నీళ్ళు తప్పయి ఉన్నా..." ఇక్కడ ఆమె ఆగింది. ఇది ముందుగా అనుకున్న మాట కాదు. "తప్పయి ఉన్నా అది నా తప్పే అయ్యేది. అప్పుడూ నేను మాట్లాడేదాన్ని కానేమో. అది కూడా మీరు తెలుసుకోవాలని చెబుతున్నా."

తమునో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ప్రతి మాటా వినాలన్నట్టు ముందుకి వంగి ఉన్నాడు. వోసు చేతిలో కాగితం వైపే చూస్తున్నాడు. అతనికీ చెప్పవలసిన మాట ఒకటుందని హాల్లో అందరికీ తెలుసు. ఎదురుచూశారు. అతను కాగితం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు.

"సరే," అన్నాడు. "జనరేటర్ గది. డీజిల్ డబ్బాలు తలుపు దగ్గర పెట్టొద్దు."

బెలెమా కూర్చుంది. పక్కనున్న రోజీ ఆమె వైపు చూడలేదు. కుర్చీ మాత్రం కొంచెం జరిపింది, దగ్గరికో దూరానికో తెలియలేదు.

సమావేశం ముగిసి అందరూ పనుల్లో పడ్డారు. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. ఉయో బస్సు నిన్న పొద్దున్న ఆరింటికే బయల్దేరి ఉంటుంది. ఎకాయెట్టె బల్ల మీద మడిచిన కోటు అలాగే ఉంది. బెలెమా దాని మీద పట్టిన మసి దులిపి పక్కకి పెట్టబోయి, మళ్ళీ అక్కడే ఉంచింది.

పదింటికి తలుపు తెరుచుకుంది. ఎకాయెట్టె తడిసిన చెప్పులు పట్టా మీద తుడుచుకుని లోపలికొచ్చింది. రోజీ లేచి ఎదురెళ్ళి బ్యాడ్జి చేతికిచ్చి, చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. ఎకాయెట్టె వింది. వోసు గది వైపు ఒకసారి చూసింది. గది తలుపు మూసే ఉంది. ఆమె బల్ల దగ్గరికొచ్చి కోటు వేసుకుంది. గుండీలన్నీ పెట్టుకుంది. రిజిస్టరు తెరిచి తను లేని నాలుగు రోజుల వరసలూ వేలితో చదువుకుంది.

"ఆంటీ," అంది, తల ఎత్తకుండానే. "మొదటి పెట్టె, రెండో పెట్టె రాళ్ళకి కూడా ఆ నీలం పరీక్ష చెయ్యాలి. చివరి ముక్కలు ఉంటాయా?"

"తమునో దగ్గర ఉంటాయి."

"తెప్పించండి. ఈసారి నూరేది నేను."

బెలెమా రాళ్ళు కోసే గదికి నడిచింది. రంపం తిరుగుతోంది. తమునోకి వినపడాలంటే గట్టిగా అరవాలి. ఆమె అరిచింది.